రాతి గుట్ట మీద తెల్ల వైన్: మన చేలకు కుదిరేనా?

బత్తలపల్లె: 'వైన్' అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది బస్టాండు పక్కన పెద్దక్షరాల బోర్డు కట్టిన షాపు. బోర్డు మీద 'వైన్స్' అని ఉంటుంది గానీ లోపల బ్రాందీ, విస్కీ, బీరు సీసాలే. అసలు వైన్ కావాలంటే వెతుక్కోవాల్సిందే. అందుకే ద్రాక్ష రసాన్ని పులియబెట్టి చేసే వైన్‌కూ, రైతుకూ ఏం సంబంధమో మన దగ్గర చాలామందికి తెలియదు.

అయితే ఈమధ్య బత్తలపల్లె, ధర్మవరం, తాడిమర్రి వైపు రైతులు ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. రాళ్ల గుట్టల మీద వైన్ ద్రాక్ష వేస్తే మంచి ధర వస్తుందట, కర్ణాటకలో తెలుగువాళ్లే వేశారట, మన గుట్టలూ అలాంటివే కదా అని. అడగడంలో తప్పు లేదు. చెనిక్కాయ వేసి వాన కోసం ఆకాశం వైపు చూసీ చూసీ విసిగిన రైతు, ఆరేడు వందల అడుగుల బోరు వేసి చీనీ చెట్లు బతికించుకుంటున్న రైతు కొత్త పంట మాట వింటే చెవి పెట్టడం సహజం. కానీ ఇది ఒక కారు వేసి చూసి మానుకునే పంట కాదు. స్తంభాలు, తీగలు, అంట్లు, డ్రిప్పు అన్నీ ముందే పెట్టాలి. కాపు కోసం రెండు మూడేళ్లు ఆగాలి. అందుకే చెయ్యి కాల్చుకోకముందే విషయం మొత్తం తెలుసుకోవడం మంచిది.

తాగమని చెప్పే వ్యాసం కాదిది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద చేసిన పోరాటం, 1995లో వచ్చిన మద్యనిషేధం మరిచిపోయే సంగతులు కావు. ఇక్కడ మన లెక్క పంట గురించే.

కర్ణాటకలో ఏం జరిగింది

ముందు ఆ తెలుగువాళ్ల సంగతి చూద్దాం. హైదరాబాదులో గ్రాన్యూల్స్ ఇండియా అనే మందుల కంపెనీ స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి కర్ణాటకలోని కొప్పళ జిల్లాలో హంపి కొండల ప్రాంతాన ద్రాక్షతోట వేశారు. ఇద్దరి పేర్లలోని ఇంగ్లీషు అక్షరాలు కలిపి ఎస్టేటుకు 'క్రిస్మా' అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరూ మారథాన్ పరుగులు తీసేవాళ్లు, ఏడు ఖండాల్లోనూ పరుగెత్తి రికార్డుకెక్కినవాళ్లు. ఓపిక ఉన్న మనుషులని చెప్పడానికి ఈ సంగతి చెప్పాను, ద్రాక్షకు కావలసింది కూడా అదే. వాళ్లు ఎరుపు వైన్‌కు కాబెర్నే సావిన్యో, సాంజొవేజె రకాలు, తెలుపుకు సావిన్యో బ్లాంక్, షార్డొనే రకాలు వేశారు. బయటి రైతుల దగ్గర పండు కొనకుండా సొంత తోటలో పండిందే సొంత వైనరీలో వైన్ చేసి సీసాలకు ఎత్తే పద్ధతి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, లెక్కల దగ్గర మళ్లీ దీని అవసరం పడుతుంది.

ఇంకొకటి మనకు ఇంకా దగ్గర. హిందూపురం నుంచి గౌరిబిదనూరు మీదుగా బెంగళూరు పోతే దారిలో దొడ్డబళ్లాపురం తగులుతుంది. అక్కడ నంది కొండల కింద కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారి ఫ్రాన్సు నుంచి జార్జ్ వెసెల్ అనే వైన్ నిపుణుడిని పిలిపించుకుని, ఎన్నో రకాల ద్రాక్షలు వేసి పరీక్షించి, 1988లో తోట మొదలుపెట్టారు. 1992లో మొదటి వైన్ బయటికి వచ్చింది. తండ్రి తర్వాత కొడుకు కపిల్ చూసుకున్నారు. 2012లో అది నాసిక్ వైపు ఉన్న ఇంకో కంపెనీతో కలిసి గ్రోవర్ జంపా అయింది. అక్కడి తెల్ల వైన్‌లలో సావిన్యో బ్లాంక్, వియోనియే రకాలవి పేరు తెచ్చుకున్నాయి. (ఈ పేర్లు పలకడానికి నాలుక తిరగదు. నర్సరీకి పోయినప్పుడు మాత్రం కాగితం మీద రాసుకుని పోండి, రకం మారితే మొత్తం మారిపోతుంది.)

రెండుచోట్లా మొదలుపెట్టినవాళ్లు చేతిలో డబ్బున్న వ్యాపారులేనని గమనించండి. పంట మీద వచ్చే రూపాయితోనే ఇల్లు గడవాల్సిన అవసరం వాళ్లకు లేదు. నష్టం వచ్చినా నాలుగేళ్లు ఓర్చుకోగలరు.

గుట్టే ఎందుకు?

మన ద్రాక్ష రైతులకు తెలిసిన పద్ధతి వేరు. థాంప్సన్ సీడ్‌లెస్, తాస్-ఎ-గణేష్, సోనాకా లాంటి తినే రకాల్లో కాయ ఎంత లావైతే అంత ధర. అందుకని గుత్తులను జీఏ ద్రావణంలో ముంచుతాం, గుత్తి పలచన చేస్తాం, నీళ్లూ ఎరువూ పుష్కలంగా ఇస్తాం. పందిరి మీద బాగా చేస్తే ఎకరాకు పది టన్నులు దాటించేవాళ్లున్నారు. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి పందిళ్లు దిగుబడిలో దేశమంతా చెప్పుకునేలా ఉండేవి. ఆ రకం 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చి వేసిందని చెబుతారు.

వైన్ ద్రాక్షకు ఇదంతా తలకిందులు. వైన్‌లో వాసన, రుచి ఇచ్చే పదార్థాలు ఎక్కువగా పండు తొక్కలో, తొక్కకు ఆనుకుని ఉంటాయి. కాయ చిన్నదైతే లోపలి రసం తక్కువ, దానితో పోలిస్తే తొక్క ఎక్కువ. అంటే రుచి చిక్కగా వస్తుంది. కాయ లావు చేసి జీఏ కొట్టారంటే వైన్ నీళ్లలా ఉంటుంది. అందుకే మంచి వైన్ చేసేవాళ్లు ఎకరాకు రెండు మూడు టన్నుల దగ్గరే దిగుబడి ఆపుతారు. ఎక్కువ గుత్తులు వస్తే పచ్చిగా ఉన్నప్పుడే కోసి కింద పడేస్తారు. ఈ మాట మన రైతుకు చెబితే నవ్వుతాడు. కాసిన కాయ కోసి పారేయడమేమిటని! కానీ ఆ సీసా ధర వెనకున్న రహస్యం సగం అక్కడే ఉంది.

గరుసు నేల, రాళ్ల దిబ్బ ఇందుకే పనికొస్తాయి. మెత్తటి సారవంతమైన నేలలో తీగ ఆకులకే పోతుంది, గుత్తులు నీడలో పడి తెగుళ్లొస్తాయి. బలం లేని ఎర్ర గరుసులో తీగ అదుపులో ఉంటుంది. వాలు ఉంటే వాన నీళ్లు వేర్ల దగ్గర నిలబడవు. వేర్లు రాళ్ల సందుల్లోంచి లోతుకు పోతాయి. హంపి కొండల్లోనూ, మన బత్తలపల్లె చుట్టుపక్కలా నేల చాలావరకు ఒకే తీరు. నల్లరాయి, గ్రానైటు ముక్కలై కరిగిపోగా మిగిలిన ఎర్ర నేల ఇది. ఆ మాటకొస్తే నేల సంగతిలో మనకు లోటేమీ లేదు.

కానీ కొండ అంటే నేల ఒక్కటే కాదు, ఎత్తు కూడా. తెల్ల వైన్‌కు పులుపు ప్రాణం. పులుపు లేని తెల్ల వైన్ ఉప్పు లేని పప్పు లాంటిది. ద్రాక్షలో టార్టారిక్, మాలిక్ అని రెండు ముఖ్యమైన పులుపులుంటాయి. పండు కోతకొచ్చే రోజుల్లో రాత్రి కూడా వేడిగా ఉంటే పండు ఊపిరి పీల్చుకుంటూ మాలిక్ పులుపును తనే ఖర్చు చేసేసుకుంటుంది. రాత్రి చల్లగా ఉంటే ఆ ఖర్చు తగ్గుతుంది. ఎత్తు ప్రతి వంద మీటర్లకూ సుమారు అర డిగ్రీకి పైగా చలువ పెరుగుతుంది. నంది కొండల కింద తోటలు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. నాసిక్ 600 మీటర్ల సుమారు. మన అనంతపురం 335 మీటర్లే, బత్తలపల్లె కూడా ఇంచుమించు అంతే. ఈ లెక్కన నంది కొండల తోటకూ మనకూ మూడు డిగ్రీలకు పైగా తేడా. హిందూపురం, మడకశిర వైపు 600 మీటర్లు దాటుతుంది కాబట్టి ఆ వైపు రైతులకు ఈ పంట మనకంటే అనుకూలం.

జర్మనీలో మోజెల్ నది ఒడ్డున కుటుంబాలు తరతరాలుగా కొండవాలు మీద తెల్ల వైన్ ద్రాక్ష పండిస్తున్నాయి. అక్కడ బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ అనే వాలు అరవై డిగ్రీలకు పైన ఉంటుంది, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కి కాయ కోయాలి. ఇది చదివి గుట్ట ఎంత ఏటవాలుగా ఉంటే అంత మంచిదనుకోకండి. అక్కడ చలి ఎక్కువ, ఎండ దొరకదు. పలక రాళ్లు పగలు వేడి పట్టి రాత్రి వదులుతాయని, వాలుకు ఎండ నేరుగా తగులుతుందని వాళ్లు కొండెక్కారు. మనకు ఎండకు కొదవా? వాళ్లు వెచ్చదనం కోసం కొండెక్కితే మనం చల్లదనం కోసం ఎక్కాలి. అందుకే పడమటి ఎండ నేరుగా కొట్టే వాలు మనకు పనికిరాదు. తూర్పు వైపు వాలు మేలు.

బోర్డో మందు పుట్టింది వైన్ తోటలోనే

మీరు చీనీకి, తమలపాకుకు కొట్టే బోర్డో మిశ్రమం ఉంది కదా, ఆ పేరు ఫ్రాన్సులో వైన్‌కు పేరుపడ్డ బోర్డో ప్రాంతానిది. అక్కడి మెడాక్ రైతులు దారి పక్క తీగల మీద దొంగలు కాయ కోసుకోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. నీలంగా, అసహ్యంగా కనిపిస్తే ఎవరూ ముట్టుకోరని. 1880ల్లో బూజు తెగులు వచ్చి తోటలన్నీ ఆకు రాల్చేస్తే ఈ దారి పక్క తీగలు మాత్రం పచ్చగా నిలిచాయి. మిల్లార్డే అనే ప్రొఫెసర్ అది గమనించి పరీక్షలు చేసి 1885లో ప్రకటించాడు. దొంగల భయం ప్రపంచానికి ఒక మందు ఇచ్చిందన్నమాట.

ఆ బూజు తెగులే మనకూ పెద్ద శత్రువు. చలి దేశాల్లో తీగ శీతాకాలం నిద్రపోతుంది. మన దగ్గర నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండు కత్తిరింపులు చేస్తాం. ఏప్రిల్‌లో కొమ్మ కోసం ఒకటి, సెప్టెంబరు-అక్టోబరులో కాపు కోసం ఇంకొకటి. కాపు కత్తిరింపు తర్వాత వచ్చే లేత చిగురు, పూత మీద వాన పడితే బూజు తెగులు పట్టి నాలుగు రోజుల్లో గుత్తులు మాడిపోతాయి. మనకు ఏడాదికి పడేదే సుమారు 550 మి.మీ., అందులో సెప్టెంబరు, అక్టోబరు నెలల వాటా పెద్దది. ఏడాదంతా వాన కోసం ఎదురుచూసే జిల్లాలో, ద్రాక్ష రైతు ఒక్కడే అక్టోబరులో మబ్బు చూసి భయపడతాడు. అక్టోబరు సగం దాటాక కత్తిరిస్తే కొంత మేలు. అప్పుడు కాయ ఫిబ్రవరిలో కోతకొస్తుంది. మరీ ఆలస్యం చేస్తే మార్చి ఎండల్లో పడి పులుపు పోతుంది. తెల్ల రకాలకు మనకున్న వెసులుబాటు రెండు మూడు వారాలేనని గుర్తుంచుకోవాలి.

వేరు సంగతి కూడా చెప్పుకోవాలి. బోరు నీళ్లలో ఉప్పు ఉన్నచోట వైన్ రకాలను సొంత వేరు మీద వేయకూడదు. డాగ్‌రిడ్జ్ అనే వేరు మొక్క మీద అంటు కట్టాలి. ఇది అమెరికాలో టెక్సాస్ అడవి ద్రాక్ష నుంచి వచ్చింది, కరువును, ఉప్పును ఓర్చుకుంటుంది. దీనికి ఒక చిక్కుంది. ఈ వేరు తీగకు బలం ఎక్కువ ఇస్తుంది కాబట్టి నీళ్లు, నత్రజని ఎక్కువైతే ఆకు కమ్మేస్తుంది. మహారాష్ట్రలో పుణె దగ్గర మాంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం 1997 నుంచి ఉంది. వేరు మొక్కల మీద, వైన్ రకాల మీద పనిచేసిన సంస్థ అది. వీలైతే ఒకసారి వెళ్లి చూసి రావచ్చు.

తెల్ల వైన్ చేసేదెలా

ఇది తెలుసుకుంటే రైతు ఎందుకు నష్టపోతాడో, ఎక్కడ నష్టపోతాడో అర్థమవుతుంది.

తెల్ల వైన్ అంటే నీళ్లలా తెల్లగా ఉండదు, లేత పసుపు రంగు. ఎరుపు వైన్‌ను తొక్కతో సహా పులియబెడతారు, రంగు తొక్కలోంచి దిగుతుంది. తెలుపుకు ముందే రసం పిండి తొక్క తీసేస్తారు. నల్ల ద్రాక్ష రసం కూడా చాలా రకాల్లో తెల్లగానే ఉంటుంది కాబట్టి, గబగబా పిండితే నల్ల ద్రాక్షతోనూ తెల్ల వైన్ చేయవచ్చు.

కోత తెల్లవారుజామున, లైట్లు పెట్టి రాత్రిపూట కూడా చేస్తారు. పండు చల్లగా ఉండాలి. సావిన్యో బ్లాంక్‌కు తీపి 20 నుంచి 22 బ్రిక్స్ మధ్య ఉన్నప్పుడు కోస్తారు. రిఫ్రాక్టోమీటరు మన ద్రాక్ష రైతుల జేబుల్లో ఉండే పరికరమే. కానీ తీపి ఒక్కటి చూస్తే చాలదు, పులుపు కూడా ల్యాబులో కొలుస్తారు. మన వాతావరణంలో తీపి తొందరగా ఎక్కుతుంది, పులుపు అంతకంటే తొందరగా దిగుతుంది. తీపి ఇంకా పెరగనీ అని వారం ఆగితే పండు చెడ్డట్టే.

చిన్న క్రేట్లలో తెచ్చిన గుత్తులను వెంటనే పిండి, ఆ రసాన్ని చల్లటి తొట్టిలో ఒక రోజు తేరనిస్తారు. మడ్డి అడుగుకు దిగాక పైరసం తీసి ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు చేస్తుంది. లీటరు రసంలో పదిహేడు గ్రాముల చక్కెరకు సుమారు ఒక శాతం ఆల్కహాలు. అందుకే సాధారణంగా వైన్ 12, 13 శాతం దగ్గర ఆగుతుంది. మన దోసెపిండి వేసవిలో ఎంత తొందరగా పొంగి పులిసిపోతుందో తెలుసు కదా. ఇక్కడ అలా కాకూడదు. 14 నుంచి 18 డిగ్రీల మధ్య, రెండు మూడు వారాలు నిదానంగా పులియాలి. వేడెక్కితే పండు వాసనంతా గాలికి పోతుంది. అందుకే స్టీలు తొట్ల చుట్టూ చల్లటి ద్రావణం తిరిగే ఏర్పాటు ఉంటుంది. మన దగ్గర కోత కాలం ఫిబ్రవరి, మార్చి. బయట ముప్పై అయిదు డిగ్రీలు, లోపల పదిహేను. రాత్రింబవళ్లు కరెంటు ఉండాలి, పోతే జనరేటరు ఉండాలి. చిన్న రైతు చేతులెత్తేసేది ఇక్కడే.

పులియడం అయ్యాక గాలి తగలకుండా ఉంచి, గంధకపు మందు కొద్దిగా కలిపి, మళ్లీ చల్లబరిచి, వడగట్టి సీసాలకు పడతారు. షార్డొనే లాంటివి కొన్నిసార్లు ఓక్ చెక్క పీపాల్లో ఉంచుతారు. సావిన్యో బ్లాంక్ తాజాగా ఉన్నప్పుడే బాగుంటుంది కాబట్టి ఏళ్లకేళ్లు దాచరు. ఎరుపు వైన్‌తో పోలిస్తే డబ్బు తొందరగా తిరిగొచ్చేది తెలుపుతోనే. దాచుకునే వీలు లేనిదీ అదే.

లెక్క చూద్దాం

750 మి.లీ. సీసాకు సుమారు కిలోంబావు ద్రాక్ష పడుతుంది. ఎకరాకు మూడు టన్నులు పండితే 2,400 సీసాలు. కిలో నలభై రూపాయలకు అమ్మారనుకుందాం. సీసాలో ఉన్న పండు విలువ యాభై రూపాయలు! ఆ సీసా అంగట్లో ఎంతకు అమ్ముడుపోయినా రైతుకు వచ్చేది అంతే. మూడు టన్నులకు లక్షా ఇరవై వేలు వస్తుంది, అందులోంచే మందులు, కూలీలు, తీగల ఖర్చు పోవాలి.

అదే నలభై రూపాయల ధరకు తినే ద్రాక్ష పది టన్నులు అమ్మితే నాలుగు లక్షలు. ఈ రెండూ సమానం కావాలంటే వైన్ ద్రాక్షకు కిలోకు నూట ముప్పైకి పైగా ఇవ్వాలి. ఏ కంపెనీ ఇస్తుంది? అందుకని పండు కొనే వైనరీలు రైతులను ఎకరాకు ఆరేడు టన్నులు పండించనిస్తాయి. అప్పుడు మామూలు వైన్ వస్తుంది, మామూలు ధరే వస్తుంది. నాణ్యత కోసం గుత్తులు కోసి పారేసే ఖర్చు భరించగలిగేది సీసా ఎవరి పేరున అమ్ముడుపోతుందో వాళ్లే. హంపి కొండల్లో తోట, వైనరీ ఒకే కుటుంబం చేతిలో ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా. గుట్ట, గరుసు, చిన్న కాయ వల్ల వచ్చే లాభమంతా సీసాలోనే ఉంటుంది, బుట్టలో ఉండదు.

నాసిక్ రైతులకు ఇది అనుభవంలో తెలిసొచ్చింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ పరిశ్రమకు రాయితీల విధానం తెచ్చింది. అంతకు కొంచెం ముందే రాజీవ్ సామంత్ అక్కడ సులా కంపెనీ పెట్టి సావిన్యో బ్లాంక్, షెనిన్ బ్లాంక్ వైన్‌లు తెచ్చి పేరు సంపాదించారు. ఆయన్ను చూసి వరసగా వైనరీలు వెలిశాయి. ఒప్పందాలు చూసి రైతులు తినే ద్రాక్ష తీసేసి వైన్ ద్రాక్ష వేశారు. 2008లో ప్రపంచమంతా మాంద్యం వచ్చింది. ఆ ఏడాది నవంబరులో ముంబయిపై ఉగ్రవాదుల దాడి జరిగి హోటళ్లు ఖాళీ అయ్యాయి. వైన్ తొట్లలోనే నిలిచిపోయింది. తర్వాత రెండు సీజన్లలో చాలా వైనరీలు పండు తీసుకోలేకపోయాయి. వైన్ ద్రాక్షను బజారులో తినడానికి అమ్ముదామంటే కాయ చిన్నది, గింజలున్నది, ఎవరూ కొనరు. ఎంతోమంది తోటలు పీకేశారు. కొందరు ఉన్న వేరు మీదనే మళ్లీ తినే రకాల అంటు కట్టుకున్నారు.

థాంప్సన్ రైతుకు ధర పడిపోతే కిస్‌మిస్ చేసుకునే దారైనా ఉంది. వైన్ ద్రాక్ష రైతుకు కొనేవాడు ఒక్కడే. ఈ తేడా చాలా పెద్దది.

పోటీ కూడా పెరుగుతోంది. విదేశీ వైన్ మీద మన దేశంలో 150 శాతం దిగుమతి సుంకం ఉండేది. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంతో ఖరీదైన వైన్‌ల మీద సుంకం తగ్గింది, ఏటేటా ఇంకా తగ్గేలా రాసుకున్నారు. మంచి తెల్ల వైన్ కొనేవాళ్ల కోసమే ఆ పోటీ అంతా.

చట్టం ఏమంటుంది

మద్యం రాష్ట్రాల పరిధిలోని విషయం. కర్ణాటక 2007లో ద్రాక్షకు, వైన్‌కు ప్రత్యేక విధానం తెచ్చి వైన్ బోర్డు పెట్టింది. గుట్ట ఒకటే, నేల ఒకటే అయినా సరిహద్దుకు అటువైపు వైనరీలు లేచి ఇటువైపు లేవకపోవడానికి ఇదొక కారణం. మన దగ్గర మద్యం అమ్మకాల పద్ధతే తరచూ మారుతోంది. 2019 నుంచి ప్రభుత్వ దుకాణాలు నడిచాయి, 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటు షాపులొచ్చాయి. ఇలాంటి చోట పదేళ్ల ముందుచూపుతో చిన్న వైనరీ పెట్టడం ధైర్యవంతుల పనే.

సొంత తోటలో ద్రాక్షే కదా అని ఇంట్లో డ్రమ్ములో పులియబెట్టి అమ్మితే ఎక్సైజు కేసవుతుంది. లైసెన్సు లేకుండా తయారు చేసి అమ్మకూడదు. కానీ ద్రాక్షను పండుగా ఎక్కడికైనా అమ్ముకోవచ్చు, కర్ణాటక వైనరీకి కూడా. బత్తలపల్లె నుంచి దొడ్డబళ్లాపురం నూటయాభై కిలోమీటర్ల సుమారు. రాత్రి కోసి చీకటి ఉండగానే బండెక్కిస్తే ఎండ ఎక్కకముందే చేరుతుంది. తెల్ల రకాలకు ఇంతకంటే దూరం మంచిది కాదు.

అయినా వేయాలనుకుంటే

పూర్తిగా వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. బత్తలపల్లె ఎత్తుకు తెల్ల రకాల కంటే ఎరుపు రకాలు కొంచెం ఓర్చుకుంటాయని నా అభిప్రాయం. తెలుపే వేయాలనుకుంటే షెనిన్ బ్లాంక్ వేడిలోనూ పులుపు నిలుపుకునే రకం, సావిన్యో బ్లాంక్ కంటే అదే నయం. రెండిటికీ ముందు కొనేవాడుండాలి. మాట మీద కాదు, కాగితం మీద.

ఆ కాగితంలో ఏముందో ఇంట్లో చదువుకున్న పిల్లల చేత నిదానంగా చదివించుకోండి. ధర కిలోకా, బ్రిక్స్‌ను బట్టి మారుతుందా? పులుపు తక్కువైందని లోడు తిప్పి పంపితే కిరాయి ఎవరిది? పరీక్ష ఎవరి ల్యాబులో, రైతు ఎదురుగా చేస్తారా? ఎన్నేళ్ల ఒప్పందం? మూడేళ్లకు కాపుకొచ్చే తోటకు మూడేళ్ల ఒప్పందం రాసేవాళ్లూ ఉంటారు, దానివల్ల రైతుకు ఒరిగేదేమీ లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, కంపెనీ ఏ ఏడాదైనా పండు తీసుకోకపోతే కనీసం ఎంత ఇస్తుందో అంకె రాసి ఉండాలి. నాసిక్ రైతుల ఒప్పందాల్లో అది గట్టిగా ఉండి ఉంటే అన్ని తోటలు నేలకొరిగేవి కావు.

ఇక నీళ్లు. ద్రాక్ష కరువును ఓర్చుకుంటుందన్న మాట నిజమే గానీ, నీళ్లు లేకుండా పండుతుందని కాదు. పండు మెత్తబడే దశ నుంచి నీళ్లు తగ్గిస్తారు, అంతే. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత మే నెల ఎండల్లో తీగకు నీళ్లు తప్పనిసరి. వచ్చే ఏడాది గుత్తి మొగ్గలో తయారయ్యేది అప్పుడే. మీ బోరు మే నెలలో ఎన్ని గంటలు పోస్తుందో చూసుకుని దాన్నిబట్టే విస్తీర్ణం నిర్ణయించుకోండి. నవంబరులో పోసే నీళ్లు చూసి నాలుగెకరాలు వేయకండి.

మట్టి, నీళ్లు రెండూ పరీక్ష చేయించాలి. రెడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రంలో సలహా అడగవచ్చు. మోటారు వేసి అరగంట పోనిచ్చాక శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టాలి. వేసిన వెంటనే వచ్చే నీళ్లు పట్టకూడదు. మట్టిని పైపొర నుంచి ఒకటి, రెండడుగుల లోతు నుంచి ఒకటి విడివిడిగా తీయాలి. గుట్ట వాలులో పైన, మధ్యన, కింద మూడు చోట్ల తీసి కలపకుండా చీటీలు కట్టండి. వేరు మొక్కలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాటి ఆగస్టు, సెప్టెంబరులో అంటు కట్టడం పద్ధతి కాబట్టి ఈ పరీక్షలూ, ఒప్పందం కాగితాలూ సంక్రాంతి లోపలే తేల్చుకోవాలి.